వేలూరు బాకీ

బంగారుపాళ్యం మండీలో తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరే రోజుల్లో మా మామకు తిండి, నిద్ర గుర్తుండవు. అరవై దాటినా ధర పాడాలంటే ఆయన గొంతే. అంత మనిషి రెండేండ్లుగా పడక మిద్దెమీదికి మార్చేసినాడు. పుష్యమాసం చలిలో కూడా ఉక్కగా ఉందనేవాడు. మూడు నెలలకోసారి మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బాకీ వసూలుకని వేలూరు బస్సెక్కి, చీకటి పడినాక తిరిగొచ్చేవాడు. అత్త ఏమీ అడిగేది కాదు.

ఆ ఏడు వానలో తడిసి జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. మండీ వదిలి డాక్టరు దగ్గరికి పోయే తీరికేదీ? మందులంగట్లో అజిత్రోమైసిన్, వాంతులకు డోంపెరిడోన్ తెప్పించుకుని మింగినాడు. జ్వరమనగానే చీటీ లేకుండా యాంటిబయోటిక్ చేతిలో పెట్టే ఆ అలవాటు మీద నాకు ఈ రోజుకీ కోపం తగ్గలేదు.

నాలుగో రోజు సంగటి ముందర కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయినాడు. తిరుపతికి తీసుకుపోయినాం. గుండెపోటే అనుకున్నాం. యాంజియోగ్రాం తీస్తే రక్తనాళాల్లో ఎక్కడా అడ్డు లేదు.

డాక్టరమ్మ ఇసిజి కాగితం మా ముందు పరిచింది. కాసేపు ఓపిగ్గా చెప్పింది.

"కొట్టుకున్న ప్రతిసారీ గుండెలో కరెంటు మళ్లీ సర్దుకోవాలి. అందుకు పట్టే సమయాన్ని క్యూటీ అంటాం. మగవాళ్లలో 450 మిల్లీసెకన్లు దాటకూడదు. 500 దాటితే ప్రమాదం. ఈయనకు 560 ఉంది. అంత సాగితే గుండె లయ మెలితిరిగిపోతుంది. 1966లో ఫ్రాన్సులో డెసెర్టెన్ అనే డాక్టరు మొదట వర్ణించిన లయ ఇది. మెగ్నీషియం ఎక్కించి ఆపినాం."

"జ్వరానికే ఇంత అవుతుందా అమ్మా?" అన్నాను.

"మింగిన రెండు మాత్రలూ క్యూటీని సాగదీసేవే. దానికి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ తోడైంది. ఇన్‌ఫ్లమేషన్‌లో ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం రక్తంలో పెరుగుతుంది. గుండె కణాల్లోంచి పొటాషియం బయటికి పోయే దారిని అది అడ్డుకుంటుంది. వృషణాల్లో టెస్టోస్టిరాన్ తయారీని కూడా తగ్గిస్తుంది. ఆ హార్మోన్ మగవాళ్ల గుండెకు కాపలా లాంటిది. ఈడు రాకముందు ఆడపిల్లలకూ మగపిల్లలకూ క్యూటీ ఇంచుమించు ఒకటే. వచ్చినాక మగవాళ్లలో తగ్గేది దానివల్లనే. ఇటలీలో సియేనా డాక్టర్లు ఏండ్ల తరబడి ఈ ఇన్‌ఫ్లమేషన్ సంగతే పరిశోధిస్తున్నారు."

కాగితం మడవబోయి ఆగింది.

"ఇవన్నీ కూడినా 560కి లెక్క కుదరడం లేదు. ఇంకేదో ఉంది. ఈయన వేరే మందులు వాడతాడా? వేరే ఊర్లో ఏదైనా వైద్యం? సూదులు? తెలిస్తే ఎన్నాళ్లు మానిటర్ మీద ఉంచాలో తేల్చుకుంటాను."

నేను అత్త వైపు చూసినాను. అత్త నేల చూపులు చూసింది. తల అడ్డంగా ఊపింది. మామ మగతగా ఉన్నాడు, ఆయన్ను అడిగే వీలు లేదు.

మాత్రలు ఒంట్లోంచి పోతే సర్దుకుంటుందని ఎదురుచూసినారు. జ్వరం దిగింది. క్యూటీ కొంత తగ్గింది. మూడో రోజు వార్డుకు మార్చినారు. ఆ రాత్రి తెల్లవారుజామున లయ మళ్లీ మెలితిరిగింది. ఈసారి చేతికి అందలేదు.

కర్మకు ముందురోజు మామ ఫోను మోగింది. మాట సరిగ్గా వినపడక స్పీకరు నొక్కినాను. ఆడగొంతు. తమిళం కలిసిన తెలుగు.

"వేలూరు నుంచి మాట్లాడతా ఉండాను. సార్ నిన్న వస్తానన్నాడు, రాలేదు. బాగుండాడా?"

వాకిట్లో వాళ్లంతా ఇటు తిరిగినారు. అత్త లేచి వచ్చి ఫోను నా చేతిలోంచి లాక్కునింది. ఆమె గొంతు అంత పైకి లేవడం నేను ఎప్పుడూ వినలేదు.

"రెండేండ్లు నోరు మూసుకోని ఉండాను తల్లీ. మిద్దె మీద ఒంటిగా పడుకుంటే, నాకు తెలీదనుకున్నాడా? డాక్టరమ్మ వేరే ఊర్లో ఏమన్నా ఉందా అని అడిగినప్పుడు గూడా, నలుగురిలో ఆయన పరువు తీయలేక లేదన్నాను. మనిషి పోయినాడు. రేపు నా గాజులు పగలగొడతారు. నువ్వు గూడా నీ గాజులు తీసేసేయ్."

అవతల కొంతసేపు మాట లేదు.

"అమ్మా... నేను నర్సును. ప్రొస్టేట్ క్యాన్సర్‌కని మగ హార్మోన్ లేకుండా చేసే ఇంజెక్షన్ మూడు నెలలకోసారి నేనే వేస్తా ఉండాను. ఇంట్లో చెప్పలేదా ఆయన?"