నా పేరు గాయపాకు

పావగడ తాలూకా వై.ఎన్.హొసకోట దాటాక ఒక చెనక్కాయ చేని గట్టు మీద మొలిచాను. గులకరాళ్ల సందుల్లో పాకుతూ, కణుపు నేలకు తగిలినచోటల్లా వేరు దించుకుంటూ బతుకుతాను. నా ఆకు నిమిరితే గరుకు, అంచంతా రంపపు పళ్లు. పూవును మాత్రం జానెడు కాడ మీద ఎత్తి పట్టుకుంటాను. నడుమ పసుపు బొడ్డు, చుట్టూ నాలుగో అయిదో పాలిపోయిన రేకలు, ఒక్కో రేక కొసన మూడు పళ్లు.

మా పుట్టిల్లు మెక్సికో వైపు. 1753లో స్వీడన్ పండితుడు లిన్నేయస్ మా ఊరు వెరాక్రూజ్ అని తన గ్రంథంలో రాసి, ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ అని పేరు పెట్టాడు. ప్రొకంబెన్స్ అంటే నేల మీద సాగిలపడింది అని. అది నాకు అతికినట్టు సరిపోయింది. ట్రైడాక్స్ మాత్రం గ్రీకుల పాత మాట. లెట్యూస్ అనే ఆకుకూరను వాళ్లు థ్రిడాక్స్ అనేవాళ్లు. ఆ కూరకూ నాకూ రూపంలో పోలికే లేదు, చామంతి కుటుంబమన్న దూరపు చుట్టరికం తప్ప.

ఇక్కడికొచ్చాక నన్ను వాడుకున్నవాళ్లే పేర్లు పెట్టారు. పూవును చూసినవాళ్లు గడ్డిచామంతి అన్నారు. బొగ్గుతో కలిపి నూరి, పలకకు పూసి నలుపు తెచ్చుకున్న పిల్లలు పలకాకు అన్నారు. పావగడ తాలూకా కర్ణాటకదే అయినా దాదాపు చుట్టూ ఆంధ్ర నేలే. బళ్లో కన్నడం చదివే పిల్లోళ్లు నా దగ్గరికొచ్చేసరికి తెలుగులోనే పిలుస్తారు. నా గింజలకు దూదిలాంటి కుచ్చులుంటాయి, గాలి తోలితే ఎల్ల దాటి అవతలి రాష్ట్రంలో మొలుస్తాయి.

గాయపాకు అన్న పేరే నాకు ఇష్టం. ఒక పొద్దున చేలో కలుపు తీస్తుంటే, అవ్వతో వచ్చిన పిల్లోడి చూపుడువేలు కొడవలికి తెగింది. రక్తం చూసి వాడు గుక్క పట్టాడు.

"అవ్వా! తెగిపాయ!"

"యాడ్వద్దు నాయనా, గాయపాకు పెడ్తా ఉండు."

ముసలామె నాలుగాకులు తుంచి, చెంబులో నీళ్లతో కడిగి, అరచేతిలో బొటనవేలితో నలిపింది. పచ్చటి రసం గీతల్లోకి పారింది. చుక్కలు చుక్కలుగా గాయం మీద పిండి, పిప్పిని పైనే అదిమి, కొంగు చివర చించి కట్టింది. కాసేపటికి రక్తం నిలిచింది. మన దేశపు ప్రయోగశాలల్లో ఎలుకల గాయాల మీద నా రసాన్ని పరీక్షించారు. ఆ అవ్వ చేతికి ఆ విద్య అంతకు ముందునుంచే తెలుసు. అయినా తెగింది లోతుగా ఉంటే ఆస్పత్రికే పోవాలి, ఆ మాట నేనే చెప్తాను.

నా మీద కోపముండే రైతును నేను తప్పుపట్టను. వానే కరువైన ఈ నేలలో చెనక్కాయ తాగాల్సిన తడిని నేను తాగుతాను. పీకి పారేసినా తుంచిన కణుపుకు పదును తగిలితే మళ్లీ లేస్తాను. అందుకే సాళ్ల నడుమ కనపడితే బతకనివ్వరు.

ఆ రోజు కూడా అవ్వ సాళ్లలో ఉన్న మావాళ్లందరినీ పెళ్లగించి కుప్పేసింది. కట్టు కట్టిన వేలితోనే పిల్లోడు గట్టు మీదికొచ్చి నా కాడ పట్టుకున్నాడు.

"దాన్ని ఉండనీ నాయనా," అంది వెనకనుంచి. "రేపు మల్లా పెట్టల్ల కదా."