పదహారు గంటలట!

హైదరాబాద్ నుంచి డల్లాస్ ఎంత దూరమని ఇంటర్నెట్‌ను అడగండి. సుమారు 14,400 కిలోమీటర్లు, గంటకు 900 చొప్పున పోతే పదహారు గంటలు అని తడుముకోకుండా చెప్పేస్తుంది. ఊపు మీదుంటే నిమిషాలు కూడా చెబుతుంది. లెక్కలో తప్పు లేదు. లేనిదల్లా విమానమే. శంషాబాద్‌లో ఎక్కి మధ్యలో ఎక్కడా దిగకుండా డల్లాస్ చేరే సర్వీసే లేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు మాత్రం సోమలింగం.

ఇంతకీ ఆ 14,400 ఏ దారో తెలుసా? ఉత్తర ధ్రువానికి కాస్త పక్కనుంచి, రష్యా నెత్తి మీదుగా. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022 నుంచి అమెరికా విమానాలకు ఆ ఆకాశం మూసేశారు. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ మన విమానాలకూ తలుపేసింది. లెక్కలు కట్టేవాడికి ఇవేం పట్టవు. వాడికి భూగోళమంటే స్కేలు పెట్టి గీత గీసుకునే నున్నటి బంతి. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం వేస్తే మురిసిపోయాం. ఆ ముచ్చటా మూన్నాళ్లదే అయింది.

ఇక అసలు ప్రయాణం చూడండి. కోడలి పురుడు పొయ్యడానికి గుంటూరు నుంచి బయలుదేరిన తల్లికి శంషాబాద్ చేరేసరికే ఐదారు గంటలు. మూడు గంటల ముందే రమ్మంటారు కదా, వచ్చింది. కౌంటర్ దగ్గర పెట్టె 23 కిలోలు దాటింది. అందరూ చూస్తుండగా నేల మీద పెట్టె విప్పి, ఆవకాయ డబ్బా ఇందులోంచి అందులోకి, గోంగూర పచ్చడి అందులోంచి ఇందులోకి. తర్వాత దుబాయో దోహానో. ఇంగ్లిష్ రాదని, దారి తప్పుతుందని, కాళ్లు శుభ్రంగా ఉన్న మనిషికి కొడుకు వీల్‌చెయిర్ రాయించాడు. విమానం తలుపు దగ్గర చూస్తే అలాంటి అమ్మలూ నాన్నలూ వరసకట్టి కూర్చుని ఉన్నారు. అక్కడ గంటల తరబడి పడిగాపులు, మళ్లీ పదహారు గంటల విమానం, ఆపై ఇమిగ్రేషన్ క్యూ. గడప నుంచి గడపకు ఒకటిన్నర రోజు. "అమ్మా, జస్ట్ పదహారు గంటలే!" అన్న సుపుత్రుడు ఫోనులో ట్రాకింగ్ చూసుకుంటూ సోఫాలోనే ఉన్నాడు.

విమాన సంస్థలేమీ తక్కువ తినలేదు. పట్టే సమయానికి కాస్త కలిపి టైంటేబుల్ వేసుకుంటాయి. ఆలస్యంగా లేచినా "అనుకున్న వేళకే దించాం" అని వినయంగా మైకులో చెప్పుకుంటాయి. డల్లాస్ గడియారం మనకంటే వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. అందుకని తెల్లవారుజామున ఎక్కినామె టికెట్ మీద అదే రోజు సాయంత్రం దిగేస్తుంది. ఆ తేదీని చూపించి ప్రయాణం ఎంత తేలికో అని మురిసేవాళ్లు, తిరుగు టికెట్‌లో మాయమైన రోజును మాత్రం చూపించరు.

లెక్కలు కట్టే మహానుభావులకు ఒక్క మనవి. ఆ పదహారు గంటల టికెట్టు ఎక్కడ అమ్ముతున్నారో కూడా రాయండి. గుంటూరు జిల్లా సగం వచ్చి క్యూలో నిలబడుతుంది.