రెండో ఎమ్ ఎక్కడ పోనాది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనిషి చదువెంతో తేల్చడానికి ఇప్పుడు పట్టాలు అక్కర్లేదు. ‘కమిటీ’ అని ఇంగ్లీషులో రాయమంటే చాలు. ఎమ్‌లు రెండు, టీలు రెండు, ఈలు రెండు పడ్డాయా, పెద్దమనిషి. ఒక్క ఎమ్ తగ్గిందా, అడ్డగాడిద.

కాలువ పూడిపోయిందని ఊరివాళ్లు అర్జీ పట్టుకెళ్తారు. ఆఫీసులో ఆయన ఎర్రపెన్ను తీసి అందులో ‘కమిటీ’ అన్న మాట చుట్టూ సున్నా చుట్టి, “రెండో ఎమ్ ఏదయ్యా?” అంటాడు. “ఎమ్ ఎక్కడ పోనాదో తరవాత సూద్దుం బావూ, ముందు నీరెటు పోతాదో సూడండి” అన్నవాడికి మర్యాద తెలీదని పేరు.

మన చెవి తప్పేం లేదు. బొబ్బిలి, టెక్కలి అన్నప్పుడు వత్తు నోటికి తగుల్తుంది. ఇంగ్లీషులో రెండో అక్షరం పెళ్లికొచ్చిన దూరపు చుట్టం లాంటిది: పలకదు, పిలవకపోతే మాత్రం అలుగుతుంది. పోనీ, ఓ పద్ధతుందా? సిగ్గుపడే ‘ఎంబరాస్’కి ఆర్‌లు రెండు, వేధించే ‘హరాస్’కి ఒకటే. వేధింపులో ఎంత పొదుపో! ‘నెసెసరీ’లో సీ ఒకటి, ఎస్‌లు రెండు. ఎందుకని అడిగితే మేష్టారు బెత్తం వైపు చూస్తారు.

మరి దొర మన పేర్లనేం చేశాడు? శ్రీకాకుళాన్ని చికాకోల్ అన్నాడు. విజయనగరం చివర ఒక ఏ మింగేసి ‘విజియనగ్రం’ అని రాసుకున్నాడు. 1936లో భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్లిన మన రాజకుమారుడు ‘విజ్జీ’, రెండు జెడ్‌లతో. మింగిన ఏకి బదులు జెడ్ ఇచ్చి లెక్క సరిచేశారు కాబోలు. దొరచేత ఎవరూ ఇంపోజిషన్ రాయించలేదు.

వాడుక భాషలోనే రాయాలని జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండేసి జనం నోటి మాటకి జేజేలు కొడతాం. ముప్ఫయ్యో తారీఖున బడి తెరవగానే పిల్లాడు చెవికి వినబడినట్టు రాసిన మాటకి మళ్లీ సున్నా.

ఇక ఇంటిదగ్గర నాన్న. కొడుకు ‘ప్రొఫెసర్’కి ఎఫ్ ఒకటి ఎక్కువ రాస్తే చెంప పగలగొడతాడు. ఆయన దుకాణం బోర్డు చూశారా? సంఖ్యాశాస్త్రం చెప్పినాయనకి దక్షిణ ఇచ్చుకుని మరీ ‘శ్రీనివాస్’ చివర ఇంకో ఎస్ తగిలించాడు. ఇదేటి బావూ అంటే, వ్యాపారం కలిసొస్తాదట.