శబ్దవేధి బావ

బండి నడిపేవాళ్ళు వేరు, బండిని వినేవాళ్ళు వేరు. రెండో రకం వాళ్ళు మీ చుట్టాల్లోనూ ఒకరుంటారు. ఎక్కీ ఎక్కగానే పాటలు కట్టేయిస్తారు. అద్దాలు ఎక్కించమంటారు, వెంటనే దించమంటారు. మాట్లాడుతున్నవాళ్ళ వైపు చెయ్యి అడ్డం పెట్టి, మెడ ఓ పక్కకి వాల్చి, కళ్ళు సగం మూసి, "అదుగో... విన్నారా?" అంటారు. లేదంటే మీరు చెవిటివాళ్ళు. విన్నానంటే "ఎటు నుంచి?" అని అడుగుతారు. రెండో జవాబే ప్రమాదం.

మా కుటుంబంలో ఆ బాధ్యత మా బావ తీసుకున్నాడు. అక్క మొగుడు. నూజివీడు పక్కన మామిడితోట, ఆ తోటకో పాత డీజిలు పికప్పు. ఎండాకాలం కాయ వేసుకుని ఆగిరిపల్లి మీదుగా నున్న మార్కెట్టుకి పోతుంది. మిగతా రోజుల్లో ఎరువు కట్టలు, ఊళ్ళో పెళ్ళయితే షామియానా కుర్చీలు. కంపెనీ పేరు చెప్పను. దాని తప్పేం లేదు, ఆ వయసులో ఆ మాత్రం మూలగని మనుషులే లేరు.

లొడలొడ, గలగల, టకటక, కూత, మూలుగు, కీచు, గరగర, హోరు. మనకివన్నీ కలిపి ఒకటే రొద. ఆయనకి ఒక్కోదానికీ ఇంటిపేరూ గోత్రమూ ఉన్నాయి. "నిన్న వచ్చింది కూతరా, ఇవాళ్టిది మూలుగు" అని నాకు పొద్దున్నే ఫోన్ చేసి చెబుతాడు. ఎవరో పోయారేమోనని నేను మంచం మీంచి లేచి కూర్చుంటాను.

అలాగని ఆయనది ఉత్త గాలి విద్యేమీ కాదు, సరుకుంది. "ముందు ఒకటి తేల్చుకోవాల్రా. కూత ఇంజనుతో పెరుగుతోందా, చక్రంతో పెరుగుతోందా?" అంటాడు. బండి నిలబెట్టి, న్యూట్రల్లో ఎక్సలేటరు తొక్కితే కూత పెరిగిందా, దొంగ ఇంజను ముందరే ఉన్నాడు: బెల్టో, ఆల్టర్నేటరు బేరింగో, పవర్ స్టీరింగు పంపో. బెల్టు మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లితే కీచు కాసేపు ఆగిందంటే బెల్టుదే. నిలబడ్డప్పుడు నోరెత్తక, రోడ్డెక్కి నలభై దాటాక ఎత్తుకుంటే వెనక్కి వెళ్ళి వెతకాలి. క్లచ్చి తొక్కితే ఆగే కూత గేరుబాక్సు ముందు బేరింగుది, తొక్కితేనే మొదలయ్యేది క్లచ్చి రిలీజు బేరింగుది. ఎక్సలేటరు తొక్కినప్పుడొక రాగం, కాలు తీసినప్పుడొక రాగం వచ్చిందా, వెనక హౌసింగులో క్రౌనూ పినియనూ పోట్లాడుకుంటున్నట్టు. బయల్దేరేటప్పుడు 'టక్'మంటే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు.

ఇదంతా నాకు ఊరికే కంఠతా రాలేదు. సంక్రాంతికి అక్క చేసిన అరిసెలు తిందామని వెళ్ళినవాణ్ణి, కొత్త బట్టలతో పికప్పు వెనక బాడీలో బోర్లా పడుకోబెట్టి, చెవి రేకుకి ఆనించమని, "కుడో ఎడమో చెప్పు, చాలు" అంటూ చెరువుకట్టంతా తిప్పాడు. ఇంకోసారి ఊరి చివర పొడుగాటి ప్రహరీ గోడ పక్కన, అడుగు దూరంలో బండి పోనిస్తూ అద్దాలు దించమన్నాడు. కింద పుట్టిన శబ్దం గోడకి కొట్టుకుని తిరిగొస్తుందట, మామూలుగా చెవిన పడనిది అప్పుడు పడుతుందట. నిజమే, పడింది. పక్క అద్దం గోడకి రాసుకుని విరిగిన శబ్దం కూడా పడింది. "అది లెక్కలోకి రాదు" అన్నాడు.

వీల్ బేరింగుకి వేరే పరీక్ష ఉంది. ఖాళీ రోడ్డు మీద బండిని మెల్లగా ఎడమకీ కుడికీ ఊపాలి. ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే కుడివైపు బేరింగు పోయినట్టు. ఓ సాయంత్రం ఆగిరిపల్లి దాటాక ఈ పరీక్ష జరుగుతుండగా పోలీసులు ఆపి నోట్లో గొట్టం పెట్టారు. సున్నా చూపించింది. కానిస్టేబులు మీటరు దులిపి మళ్ళీ ఊదించాడు. మళ్ళీ సున్నా. "మరెందుకండీ అలా ఊగుతున్నారు?" అని అడగడం ఆయన చేసిన పాపం. మా బావ ఆయన్ని పక్కసీట్లో ఎక్కించుకుని, అంత దూరం ఊపుకుంటూ పోయి వెనక్కి తెచ్చి, "కుడా, ఎడమా?" అనడిగాడు. కానిస్టేబులు బుర్ర గోక్కుని "ఎడమేనండీ" అన్నాడు. "నేనూ అదే అనుకుంటున్నా" అని మా బావ ఆయనతో చెయ్యి కలిపి, ఇంటికొచ్చి ఎడమ బేరింగు మార్పించాడు. హోరు ఎక్కడిదక్కడే ఉంది.

శబ్దవేధి విద్యతో వచ్చే చిక్కే ఇది. దశరథుడంతటివాడు కుండలో నీళ్ళ బుడబుడ విని ఏనుగనుకున్నాడు, బాణం వెళ్ళి శ్రవణకుమారుడికి తగిలింది. మా బావ బాణాలకి రాలినవి: ముందు చక్రాల బేరింగులు, షాఫ్టు క్రాసు, సెంటర్ బేరింగు, కమాన్ కట్టల బుష్షులు. అంతా నిరపరాధులే. వాటిని పాతసామాన్లవాడికి వెయ్యడు. గోనెసంచిలో పోసి గొడ్లచావిట్లో ఉంచాడు. అప్పుడప్పుడు ఓ బేరింగు తీసి, చెవి దగ్గర పెట్టుకుని వేలితో తిప్పి, "మంచిదేరా ఇది. పాపం, అనవసరంగా తీయించాను" అంటాడు.

1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు, ఓ యువతి గుండె మీద చెవి పెట్టి వినడానికి మొహమాటపడి, కాగితాన్ని గొట్టంలా చుట్టి విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. మా బావకి మొహమాటమనేది లేదు, అయినా పొడుగాటి స్క్రూడ్రైవరు వాడతాడు. మొన ఆల్టర్నేటరు మీద, పిడి చెవికి ఆనించి. బాగున్న బేరింగు నున్నగా తిరుగుతూ వినపడుతుంది, అరిగింది గరగరమంటుంది. నేనూ విన్నాను. ఇంజను తన కడుపులో మాట నీ ఒక్కడికే చెబుతున్నట్టుంటుంది. ఈ ఒక్క విషయంలో ఆయన్ని నేనేమీ అనను. కాకపోతే నడుస్తున్న ఇంజను మీదికి వంగేముందు భుజం మీద తువ్వాలు తీసి పక్కన పెట్టాలి. ఒకరోజు ఆ తువ్వాలు కొస ఫ్యాను బెల్టులో చిక్కుకుంది. ఆ పూట వచ్చిన శబ్దానికి మాత్రం ఎవరి సాయమూ లేకుండా కారణం కనిపెట్టాడు.

అక్క బాధ వేరు. వంటింట్లోంచి పిలిస్తే ఆయనకి వినపడదు. వయసు మీద పడేకొద్దీ సన్నటి కీచు స్వరాలే ముందుగా చెవికి దూరమవుతాయని డాక్టరు చెప్పాడు. "నా గొంతు అంత సన్నమా?" అని అక్క వారం రోజులు గొంతు పెంచి మాట్లాడింది. నిజానికి ఆల్టర్నేటరు బేరింగు కూత కూడా ఆయనకి వినపడలేదు, వేసవి సెలవులకొచ్చిన మనవడికి వినపడింది. అప్పట్నుంచి వాడు పుల్లఐసు జీతానికి ఉద్యోగంలో ఉన్నాడు.

లొడలొడ సంగతి తేల్చింది అక్కే. ఏడాది పొడుగునా ఆయన్ని ఏడిపించిన లొడలొడ అది. గతుకుల్లో వస్తుంది, నున్నటి తారురోడ్డు మీద మాయమవుతుంది. లోడుంటే ఉండదు, ఖాళీగా వస్తేనే. సైలెన్సరు క్లాంపు బిగించారు. దాని పక్కన వేడి తగలకుండా అడ్డం పెట్టిన రేకు పీకేశారు. సీటు కింద జాకీ తీసి ఇంట్లో పెట్టారు. ఆ జాకీ ఇంట్లో భద్రంగా ఉన్న సంగతి ఓ అర్ధరాత్రి పంక్చరయ్యాక హనుమాన్ జంక్షన్ దగ్గర గుర్తొచ్చింది. ఇలా ఉండగా ఒకనాడు అక్క బండిలో కొబ్బరికాయలు దింపించుకుంటూ వెనక డోరు గొళ్ళెం పట్టుకుని ఊపింది. లొడలొడ. ఇంట్లోకెళ్ళి పాత నేతచీర అంచు చింపి తెచ్చి, గొళ్ళేనికి నాలుగు చుట్లు చుట్టి ముడేసింది. బావ బండి తీసుకుని గతుకులన్నీ వెతుక్కుంటూ ఊరంతా తిరిగొచ్చాడు. చప్పుడు లేదు. ఏమీ అనకుండా కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నాడు, పెరుగు కూడా వద్దన్నాడు. మర్నాడు తెల్లారకముందే వెళ్ళి ఆ గుడ్డ విప్పేశాడు.

"అదేంటండీ, పోయిందిగా!" అంది అక్క.

"నోరు కట్టేస్తే రోగం పోయినట్టా? లోపల పిన్ను అరిగింది. అది మార్చాలి."

పిన్ను మాత్రం మార్చలేదు. మారిస్తే మరి దారిలో తోడెవరు?

విజయవాడ ఆటోనగర్లో మా బావ పేరు చెబితే తెలీకపోవచ్చు, శబ్దం చేసి చూపిస్తే తెలుస్తుంది. షెడ్డు ముందు నిలబడి, బుగ్గలు పూరించి, "థర్డు గేర్లో 'గుయ్‌య్‌య్'... ఫోర్తులో 'గువ్‌వ్‌వ్'" అని గేర్లన్నీ నోటితో వేస్తాడు. కుర్ర హెల్పర్లు పని వదిలేసి వచ్చి, "సార్, రివర్సు కూడా ఒకసారి" అంటారు. అమాయకంగా అదీ చేస్తాడు. తీరా మేస్త్రి ఎక్కి కూర్చోగానే బండి మౌనవ్రతం పడుతుంది. అల్లుడొచ్చినప్పుడు పిల్లాడు చెప్పినమాట వినే బాపతు. మేస్త్రి దిగి నాలుగడుగులు వేశాడో లేదో, మళ్ళీ అందుకుంటుంది. ఇలా కాదని ఓసారి ఫోన్లో వినిపించబోయాడు. మనిషి మాట స్పష్టంగా వెళ్ళాలని ఆ ఫోన్లు ఎడతెగకుండా వచ్చే రొదను వడకట్టేస్తాయి. అవతల మేస్త్రికి కూత వినపడలేదు గానీ, వెనక సీట్లోంచి "ఈయనకి పిచ్చి ముదిరింది" అన్న అక్క మాట మాత్రం శుభ్రంగా వినపడింది.

ఆఖరికి ఓ ముసలి మేస్త్రి, బండి ఎక్కకుండానే, ఏ పాటా వినకుండానే, హౌసింగు కింద బోల్టు విప్పాడు. కారిన తొంభై నంబరు ఆయిలు రెండు వేళ్ళ మధ్య రుద్ది బావ చేతికి రాశాడు. నల్లటి ఆయిల్లో ఇనుప రజను మిలమిల మెరిసింది. పినియను బేరింగు అరిగి, పళ్ళు కలవాల్సిన చోట కలవడం లేదు. క్రౌనూ పినియనూ జంటగానే మార్చాలి, ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ పొసగవు. డబ్బు బాగానే అయింది. బండి మాత్రం పెళ్ళికూతురి నడక నేర్చింది.

ఆ వారం బావ మొహంలో కళ లేదు. తర్వాత తేరుకున్నాడు. పెద్ద కూత పోయేసరికి, దాని చాటున ఇన్నాళ్ళూ దాక్కున్న చిన్నాచితకా శబ్దాలన్నీ పైకి వచ్చాయి. డాష్‌బోర్డులో చిటచిట, తలుపు రబ్బరులో ఉస్సు, ఎడమ కమాన్‌లో కిర్రు. పొద్దున్నే నాకు ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి.

ఇదే కారణానికి హైదరాబాదులో కొడుకు కొన్న ఎలక్ట్రిక్ కారు కూడా ఆయన చేతిలో నాశనమైంది. ఇంజను గోల లేని బండిలో ఏం వింటాడులే అని వాడు ధైర్యంగా ఎక్కించుకున్నాడు. ఔటర్ రింగురోడ్డు చుట్టి వచ్చేసరికి బావ వేళ్ళు మడిచి ఏడు శబ్దాలు అప్పగించాడు. అవి అంతకు ముందు ఆ కుర్రాడికి తెలీవు, ఇప్పుడు నిద్రలో కూడా తెలుస్తున్నాయట. మెల్లగా పోయే ఎలక్ట్రిక్ బళ్ళు మనుషులకి వినపడడం లేదని, వాటిచేత పనిగట్టుకుని శబ్దం చేయించాలని ఐరోపాలో 2019 నుంచి కొత్త మోడళ్ళకి చట్టం పెట్టారని నేను చెప్పాను. "తెలివైనవాళ్ళు" అన్నాడు.

కిందటేడు కళ్ళు సరిగా ఆనక, పిల్లల పోరు పడలేక, పికప్పు అమ్మకానికి పెట్టాడు. బ్రోకరు వచ్చి, ఏదన్నా కూత ఉంటే పాతకాలంలోలా హౌసింగులో గుప్పెడు రంపప్పొట్టు వేసి నొక్కేద్దామన్నాడు. మా బావ అంత కోపంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. బ్రోకర్ని పంపేసి, బండిలో ఉన్న శబ్దాలన్నీ కాగితం మీద రాశాడు: ఎక్కడ, ఏ గేర్లో, ఎంత వేగానికి. కొన్నది ముసునూరు కుర్రాడు, కూరగాయల వ్యాపారం. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, మొదటిరోజే రెండు పెద్ద స్పీకర్లు బిగించాడు.

బావ రోజూ ఫోన్ చేసేవాడు. "ఆ కిర్రు ఎలా ఉంది?" "ఏం కిర్రండీ?" "పాటలు కట్టేసి చూడు ఒకసారి." ఆ కుర్రాడు మర్యాదస్తుడు, పెద్దాయన మాట కాదనలేక ఓ పూట కట్టేసినట్టున్నాడు.

మొన్న నాకు ఫోన్ చేశాడు. "అండీ, మీ బావగారికి కాస్త చెప్పండి, నాకు ఫోన్ చెయ్యొద్దని. మొన్నటిదాకా బండి నిక్షేపంలా ఉంది. ఇప్పుడు వెనకాల ఏదో మూలుగుతోందండీ. నిద్ర పట్టడం లేదు."

అక్క ముందరే బావకి ఈ మాట చెప్పాను, సిగ్గుపడతాడేమోనని. చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"ఏ గేర్లోనంట?"