కర్ణాభరణ పరీక్ష

ఆపిల్ వారి ఎయిర్‌పాడ్స్ ప్రో 2019లో అవతరించి, 2022లో రెండవ తరమై, 2023లో ఛార్జింగు పెట్టెకు టైప్-సి రంధ్రమును ధరించి, అదే పేరుతో (నామకరణమున చూపిన పొదుపు ధరలో చూపరైరి) మరల వెలసినది. పైచూపునకు భేదము గోచరింపని ఈ సోదరులను వేరుపరుపగోరు వినియోగదారుడు, పెట్టె ప్రక్కన తాడు దూర్చు సందును, అడుగున స్పీకరు రంధ్రములను గాంచినచో అది రెండవ తరమని యెఱుంగనగును. కాని పెట్టె లేకుండ ఇయర్‌బడ్లు మాత్రమే చేజిక్కెనా, భూతద్దము చేబూని, వాని క్రింద చీమ కంటికైనను ఆననంత సూక్ష్మముగా ముద్రితమైన ఏ2084, ఏ2699 వంటి మోడల్ సంఖ్యలను పారాయణము చేయక తప్పదు. చెవికై కొన్న సొమ్మును పోల్చుకొనుటకు ముందుగా కండ్లజోళ్ల దుకాణమునకు పోవలసివచ్చుట నవనాగరికతా వైభవము గాక మఱేమి!