కొత్తవాళ్ళకు కొంగల్ని చూపించే ఘనమైన పద్ధతి

అనంతపురం వైపు సముద్రం లేదే, నీటిపక్షుల్ని ఎక్కడ చూపించేదని దిగులు పడకండి. కొత్తవాళ్ళకు కావాల్సింది సముద్రం కాదు, మెడలో దుర్భిణి వేలాడేసుకున్న మనిషి. ఆ మనిషి మీరే. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఇళ్ళ మధ్య చింతచెట్ల మీదే గూళ్ళు కడతాయి. వెతికే శ్రమ కూడా లేదు. ఊరు 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, మీరు అనంతపురమనే అనండి. కరువు మాట ఆ పేరుతోనే బాగా పలుకుతుంది.

1. తెల్లారి ఆరింటికల్లా అందరూ అక్కడ ఉండాలని గట్టిగా చెప్పండి. మీరు ఏడున్నరకు లేవండి. దారిలో ఉగ్గాణి, బజ్జీ తిని పదింటికి దిగండి. ఎవరైనా ముఖం చిట్లిస్తే "అసలైన పక్షులు ఇప్పుడే బయటికొస్తాయి" అనండి.

2. మొదటి మాటే సైబీరియా. నిజానికి ఈ కొంగ మన ఉపఖండంలోనూ, ఆగ్నేయాసియాలోనూ ఉండే పక్షి. నీళ్ళను బట్టి ఈ చెరువు నుంచి ఆ చెరువుకు తిరుగుతుంది తప్ప సైబీరియా మొహం చూడదు. ఈ సంగతి కడుపులో పెట్టుకోండి. సైబీరియా అంటే నోళ్ళు తెరిచేవాళ్ళే, పక్క తాలూకా చెరువు అంటే ఫోన్లు తీస్తారు. ఎన్ని కిలోమీటర్లని అడిగితే ఒక అంకె చెప్పండి. మళ్ళీ అడిగితే పెంచండి.

3. జాబితా పొడుగ్గా ఉండాలి. పెద్ద కొంగకు నారింజ రంగు ముఖం, రొమ్మున నల్లపట్టీ, తోక దగ్గర గులాబీ ఈకలు ఉంటాయి. పిల్లకు ఇవేవీ ఉండవు, బూడిదలో పొర్లినట్టుంటుంది. కాబట్టి రెండూ వేర్వేరు జాతులని రాయించండి. ఇంకా తక్కువైతే కలివికోడిని చూశామనండి. 1900 తర్వాత ఎవరి కంటా పడక, 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో దొరికిన పక్షి అది. రాత్రిపూట, నేల మీద తిరుగుతుంది. మీరు మాత్రం పట్టపగలు కరెంటు తీగ మీద చూపించండి. తలకాయలు లేచేసరికి "అయ్యో, ఎగిరిపోయింది!" అంటే చాలు.

4. ఎండెక్కాక తల్లికొంగ సూర్యుడికి వీపు పెట్టి, రెక్కలు బార్లా చాపి, పిల్లల మీద నీడ పట్టుకుని నిలబడుతుంది. నోరు తెరిచి వగరుస్తుంది, గొంతు కింద చర్మం అదురుతుంటుంది, కాలు మాత్రం కదపదు. అరగంట చూసినా అంతే. ఇందులో ఫోటో ఏముంది? చప్పట్లు కొట్టించండి. చాలకపోతే కారు హారన్ ఉంది. కొంగ లేవగానే గులాబీ ఈకలన్నీ ఫోటోలో పడతాయి. గూట్లో పిల్లలు ఎండకు మాడతాయి, పక్క కొమ్మ మీది కాకికి గుడ్డు దొరుకుతుంది. అడిగితే గాలికి లేచాయనండి.

5. చెట్టు కింద చెనక్కాయలు ఒలుచుకునే అవ్వతో జాగ్రత్త. ఏ గూట్లో ఎన్ని పిల్లలున్నాయో, పోయినేడు ఏ కొమ్మ విరిగిందో ఆమెకు తెలుసు. "మా ఆడబిడ్డలు కాన్పుకొచ్చినట్ల వస్తాయి నాయనా, గోల సేయాకండి" అంటుంది. మీరు వెంటనే అడ్డుపడి అదే మాటను కష్టమైన ఇంగ్లీషులో చెప్పండి. ఎవరూ ఆమె పక్కన కూర్చోకుండా చూసుకోండి. కూర్చున్నారో, మళ్ళీ మీ వెంట రారు.

6. కొంగలు తక్కువున్నాయా? వానలు లేవనండి. ఈ సీమలో ఎవరూ ఎదురు చెప్పరు. పైగా అబద్ధమూ కాదు. ఈ కొంగ లోతులేని నీళ్ళలో ముక్కు సగం తెరిచి అటూ ఇటూ ఆడిస్తూ, చేప తగలగానే టక్కున మూస్తుంది. చెరువు ఎండితే ముక్కు ఎక్కడ పెడుతుంది? మీకు మాత్రం ఎండిన చెరువు మంచి పార్కింగు. తీతువు నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంటే స్వాగతమనుకోండి. టైరు పక్కన గులకరాళ్ళలాంటివి నాలుగు కనిపిస్తే వంగి చూడకండి. బండి రివర్సు చేయండి.

7. అసలేమీ కనిపించకపోతే బండి లేపాక్షికి తిప్పండి. అక్కడ బండ మీద జటాయువు విగ్రహం ఉంది. ఎగరదు, ఎంత గోల చేసినా బెదరదు, పేరు అందరికీ తెలుసు. జాబితాలో గద్దజాతి కింద రాయించండి.

8. బయల్దేరేముందు గూట్లోంచి పిల్ల ఏదైనా కింద పడితే అది మీ అదృష్టం. అవ్వ పరుగెత్తుకొచ్చి కొంగులో ఎత్తుకుంటుంది. "ఒక్క నిమిషం ఇవ్వవ్వా" అని తీసుకుని, గుండెకు హత్తుకుని ఫోటో దిగండి. మా బృందం కాపాడిందని కింద రాయించండి. తర్వాత అవ్వకే ఇచ్చేయండి. దానికి చేపలు తెచ్చి పెట్టేదెవరు? చొక్కా మీద రెట్ట పడకుండా చూసుకోండి, సాయంత్రం మీకు శాలువా కప్పుతారు.