సంగటి తిని సన్నబడుట ఎట్లు?

ముందుగా మూలసూత్రం. ఆరోగ్యం కోసం దేన్నీ మానకూడదు. మానడం మన వల్ల అయ్యే పని కాదు, పైగా ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటారు. కలుపుకోవాలి. పొద్దున్నే రాగి జావ తాగాలి, ఆనక ఎప్పటిలాగే టిఫిను తినాలి. మధ్యాహ్నం అన్నానికి ముందు కీరా ముక్కలు, అన్నం తరువాత బొప్పాయి. రాత్రిపూట అన్నం మానేసి చపాతీలు, చపాతీలు వేడి చేస్తాయి కాబట్టి పైన కాస్త పెరుగన్నం. కర్నూల్లోనూ కడపలోనూ నేనెరిగిన ఇళ్లన్నిటా, మా ఇంటితో సహా, ఈ పద్ధతే నడుస్తోంది. ఫలితం చొక్కా గుండీల దగ్గర కనిపిస్తోంది.

ముహూర్తం చూసుకోండి. ఉగాది ఓళిగలు అయ్యాక మొదలుపెడదామంటే బనగానపల్లె మామిడి దిగుతుంది. దానికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, వద్దంటే జిల్లాకే అవమానం. మామిడి పోయేసరికి శ్రావణమాసం. అది గడిస్తే వినాయక చవితి, దసరా. మధ్యలో ఏ దోస్తు ఇంటి నుంచో బక్రీదు బిర్యానీ. ఖాళీగా ఒక సోమవారం దొరక్కపోదు.

గురువు విషయంలో ఒక్కరినే పట్టుకుంటే కష్టం. మంతెన సత్యనారాయణరాజు ఉప్పు, నూనె వద్దంటారు, తేనె మాత్రం వాడుకోమంటారు. వీరమాచనేని రామకృష్ణ అన్నం జోలికి పోవద్దంటారు, కొబ్బరినూనె, నెయ్యి తీసుకోమంటారు. ఖాదర్ వలీ మన ప్రొద్దుటూరు మనిషే. మైసూరులో స్థిరపడి 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన వరి, గోధుమ వదిలేసి కొర్ర, అండుకొర్ర, సామ, అరిక, ఊద తినమంటారు. ముగ్గురి మాటా వినండి. ఒకరి దగ్గర తేనె, ఒకరి దగ్గర నెయ్యి, ఇంకొకరి దగ్గర కొర్రబియ్యం తీసుకుంటే బ్రహ్మాండమైన పాయసం అవుతుంది.

ప్రభుత్వం మాట కూడా కాదనకండి. కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఉగ్గాని, బజ్జీ తీసుకుని లెక్క చూడండి. నానబెట్టి పిండిన బొరుగుల్లో ఏముంటుంది, గాలి. పైన చల్లిన పప్పులపొడి మాంసకృత్తుల కింద జమ. మిరపకాయ అచ్చమైన కూరగాయ, దాని మీది శనగపిండి మళ్లీ పప్పే. ఉల్లిపాయ ముక్కలు సలాడు. ఇక నూనె అంటారా, దాన్ని మనం అడగలేదు, అదే అంటుకుంది.

చక్కెర మాని బెల్లం వేసుకోండి. శక్తిలో రెంటికీ పెద్ద తేడా లేదు కాబట్టి ఓళిగ రుచితో పాటు లెక్కా చెడదు.

కారం కొవ్వును కరిగిస్తుందని గట్టిగా నమ్మండి. అదే నిజమైతే కడపలో ఎర్రకారం దోసె తినేవాళ్లంతా ఈపాటికి గాలికి ఎగిరిపోయుండాలి.

రోజూ గుప్పెడు శెనక్కాయలు మంచివి. గుప్పిట ఎవరిదో ముందే తేల్చుకోండి.

ఇక సంగటి. దీని మీద నాకు ప్రేమ ఎక్కువ కనుక ఈ సూచన కాస్త పొడుగవుతుంది. కర్నూలు నుంచి నంద్యాల, మైదుకూరు మీదుగా కడప దాకా 40వ నంబరు జాతీయ రహదారి పక్కన సంగటి బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. బిర్యానీ ఎందుకులే, ఆరోగ్యంగా తిందామని బండి ఆపుతాం. ముద్దలో గుంట, గుంటలో నెయ్యి, పక్కన నాటుకోడి పులుసు, ఊరిబిండి. ముద్ద మిగిలితే పులుసు అయిపోతుంది, పులుసు తెప్పిస్తే ముద్ద అయిపోతుంది. రెండూ ఒకేసారి ముగిసేలా తినే విద్య సీమలో ఎవరికీ అబ్బలేదు.

ఆ ముద్ద ఎట్లా తయారవుతుందో చూడండి. ముందు బియ్యం మెత్తగా ఉడకాలి. దాని మీద రాగిపిండి కుప్పగా పోసి, మూతపెట్టి, మగ్గాక కట్టెతో గెలకాలి. రంగంతా రాగిది, లోపల బియ్యం తన పని తాను చేసుకుపోతుంది. పోనీ అంతా రాగే అనుకుందాం. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. పీచూ రాగుల్లోనే ఎక్కువ. శక్తి దగ్గరికొచ్చేసరికి మాత్రం రాగులకు 320 కిలోకేలరీలు, బియ్యానికి 350, కాస్త అటూ ఇటూగా. అంటే రాగి ముద్దలు రెండు తింటే రెండు ముద్దలు తిన్నట్టే.

తాతలు ఇదే తిని గట్టిగా ఉన్నారు కదా అంటారు. తిన్నారు. తిని మడక పట్టారు, కపిల తోలారు, బండలు మోశారు. మనకు సంగటి మిగిలింది, మడక పోయింది. బిల్లు కోసం చెయ్యెత్తడమే ఇప్పటి సేద్యం.

వాళ్లు ఆరోగ్యం కోసం దాన్ని ఎంచుకోనూ లేదు. వానను నమ్ముకున్న చేలో పండేవి జొన్న, కొర్ర, సజ్జ. వరన్నం పండగకు, ఇంటికొచ్చిన అల్లుడికి. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక తెల్లన్నం పేదింటి కంచంలోకీ రోజూ వచ్చింది. ఆ అన్నం చూసి మురిసినవాళ్లను తప్పుపట్టే హక్కు, ప్యాకెట్టు కొర్రలు కొనుక్కునే నాకు లేదు.

ఇంకా వెనక్కి పోతే ధాత కరువు. 1877లో కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగకూలీకి రిచర్డ్ టెంపుల్ దొర ఖాయం చేసిన కొలత రోజుకు పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే అర కిలోకి తక్కువ. మనిషికి ఇది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ మొత్తుకున్నాడు. తిండి తూచి పెట్టడమంటే ఈ నేలకు మంచి జ్ఞాపకం కాదు. అందుకే కాబోలు, పెద్దమ్మ గిన్నె పట్టుకుని నిలబడి, "ఏం తిన్యావని నాయనా, ఇట్ల సిక్కిపోయినావు! ఇంగో ముద్ద ఎయ్యనా?" అంటే నోట్లోంచి కేలరీల మాట రాదు. నా నడుము ఆమెకు కనపడదు. ఖాళీ అయిన కంచమే కనపడుతుంది.

ఈ సాకు పెద్దమ్మ ఇంట్లోనే చెల్లుతుంది. హోటల్లో పెద్దమ్మ లేదు. అక్కడా రెండో ముద్ద మనమే అడుగుతున్నాం.

పెళ్లిలో చిరుధాన్యాల కౌంటరు కనిపిస్తే తప్పక వెళ్లండి. బిర్యానీ దగ్గర జనం పలచబడేదాకా నిలబడడానికి వీలుగా ఉంటుంది.

నడక మానకండి. స్టేడియం చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టి, గేటు బయట ఇడ్లీ బండి దగ్గర నిలబడే తినండి. కూర్చుంటే నడిచిన పుణ్యం పోతుంది.

చివరగా కొలత. మనవాళ్లలో మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదంటారు డాక్టర్లు. ఊపిరి బిగబట్టి కొలుచుకోండి. ఇనుప టేపు వద్దు. టైలరు దగ్గర బాగా వాడిన గుడ్డ టేపు అడిగి తెచ్చుకోండి, అది సాగి ఉంటుంది.